ఎకరం అరవైలో ఇంటికి సరిపడా పండించుకోవచ్చా? (మామిడికుదురు దగ్గర, కొత్తగా మొదలుపెడుతున్నాం)

మస్కట్_మాగాణి
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నేను మస్కట్‌లో ట్రక్ నడుపుతాను. మార్చికి వీసా గడువు అయిపోతుంది. ఈసారి పొడిగించొద్దని ఇంట్లో అనుకున్నాం. నాన్న పంచి ఇచ్చింది ఎకరం అరవై సెంట్లు. అందులో డెబ్భై సెంట్లు కొబ్బరితోట, పెంకుటిల్లు తోటలోనే. మిగతా తొంభై సెంట్లు వరిచేను, ఇంటికి కాస్త దూరం, ఇప్పటిదాకా కౌలుకే ఉంది. ఇంట్లో ఐదుగురం: అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు.

ఉప్పు, పంచదార, చింతపండు లాంటివి తప్ప తిండి సరుకులేవీ కొట్లో కొనకూడదని నా కోరిక. చేనులో యాభై సెంట్లు వరి, ఇరవై పప్పులు, పది నువ్వులు, పది సెంట్లలో చేపల చెరువు. తోటలో కూరగాయలు, ఒక ఆవు, పాతిక నాటుకోళ్ళు, రెండు తేనెపెట్టెలు. మందులు, ఎరువులు అస్సలు వద్దు. కాగితం మీద గీసిన బొమ్మ కింద పెట్టాను.

భూమి సరిపోతుందా? ఆవా, గేదా? చెరువు ఎక్కడ తవ్వాలి? మొదటి ఏడాదికి చేతిలో ఎంత ఉంచుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు తిట్టినా పర్లేదు, చెప్పండి.


పల్లం_రైతు
సోమవారం, రాత్రి 11:25

తిట్టడం ఎందుకండీ, బొమ్మ ముచ్చటగా ఉంది. అందులో ఒకటి మాత్రం కనబడలేదు: నీరు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది.

మన మధ్య డెల్టాలో నీరు రావడం పెద్ద సమస్య కాదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసింది 1852లో. రావడం సంగతి అప్పుడే తేలింది, పోవడం సంగతే ఇప్పటికీ తేలలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా (వానాకాలం వరి) వేయకుండా చేలు వదిలేసి క్రాప్ హాలిడే అన్నది ఊరికే కాదు. గిట్టుబాటు ధర ఒక కారణమైతే, ఊడ్చిన చేను ముంపులో కుళ్ళిపోవడం ఇంకో కారణం.

కాబట్టి ముందు ఇవి చెప్పండి. మీ చేను మెరకా, పల్లమా? బోదె (చిన్న పంటకాలువ) నుంచి నేరుగా నీరు వస్తుందా, పై చేను మీదుగా దిగుతుందా? మురుగు ఏ డ్రెయిన్‌లో కలుస్తుంది, అక్టోబరు వానకి ఎన్నాళ్ళు నిలుస్తుంది? చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నాయా? ఇవి తెలిస్తే మీ బొమ్మలో సగం గీతలు వాటంతట అవే మారిపోతాయి.


సహజసేద్యం
మంగళవారం, ఉదయం 6:10

మందులు వద్దనుకున్నందుకు ముందుగా అభినందనలు తమ్ముడూ. చాలామంది రెండు బస్తాల యూరియాతో మొదలుపెట్టి, తర్వాత మనసు మార్చుకుంటారు.

మొదటి పని, మే నెల వానలకి జీలుగ (పచ్చిరొట్ట ఎరువు పైరు) చల్లెయ్. ఎకరానికి పది పన్నెండు కిలోల విత్తనం. పూతకి వచ్చే ముందు, నలభై ఐదు రోజుల లోపు, దమ్ములో కలియదున్నెయ్. ఉప్పు తగిలిన నేలలో కూడా జీలుగ లేస్తుంది. జీవామృతం సంగతి తెలిసే ఉంటుంది: ఎకరానికి 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి పొద్దునా సాయంత్రం కలిపితే రెండు రోజులకి సిద్ధం.

పశువు లేకుండా ఇదేదీ సాగదు కాబట్టి ముందు ఆవుని కొను.


పాడి_పంట
మంగళవారం, ఉదయం 7:45

ఆవుని ముందు కొనకండి. మేత ముందు.

పశువు ఇంటికి వచ్చిన రోజు నుంచీ తింటుంది, నేపియర్ గడ్డి నాటాక రెండు రెండున్నర నెలలకి గానీ మొదటి కోతకి రాదు. ఒక పాడి గేదెకి రోజుకి పాతిక ముప్పై కిలోల పచ్చిమేత, ఐదారు కిలోల ఎండుగడ్డి అనుకోండి. తోట అంచున ఎండ పడేచోట పది పన్నెండు సెంట్లు నేపియర్‌కి ఇస్తే ఒక పశువుకి సరిపోతుంది. ఎండుగడ్డి ఏడాదికి రెండు టన్నుల పైనే కావాలి. మీ తొంభై సెంట్ల గడ్డి దాదాపుగా అంతే. అందుకని కోత మిషన్ పెట్టేముందు ఆలోచించండి. నేల తడిగా ఉన్నప్పుడు మిషన్ తొక్కిన గడ్డి మేటుకి పనికిరాదు, బూజు పడుతుంది. సగం చేనైనా మనుషులతో కోయించి మేటు వేసుకోండి.

ఆవా గేదా అంటే, మీ ఇంట్లో పెరుగు ఎలా తింటారో అదే చూసుకోండి. గోదావరి జిల్లాల వాళ్ళకి గేదె పెరుగు అలవాటైతే ఆవు పెరుగు పల్చగా ఉందని పిల్లలు ముట్టరు. పైగా గేదెకి ఊళ్ళో అమ్మకం ఉంటుంది. ఒక్కటే గుర్తుపెట్టుకోండి: ఒక్క గేదెతో ఏడాది పొడవునా పాలు ఉండవు. చూడి కట్టాక వట్టిపోతుంది, మళ్ళీ ఈనేదాకా కొన్ని నెలలు చుక్క రాదు. పక్కింటివాళ్ళ గేదె ఎప్పుడు ఈనుతుందో చూసుకుని, మీది అటూ ఇటూగా ఉండేలా కొంటే, మీరు వాళ్ళకి పోస్తారు, వాళ్ళు మీకు పోస్తారు. మా వీధిలో ఇది ఎప్పటినుంచో నడుస్తోంది.

కోళ్ళు పాతిక ఎక్కువేమీ కాదు, కానీ కొక్కెర తెగులు వస్తే ఒక్క వారంలో గూడు ఖాళీ. పిల్లలకి మొదటి వారంలోనే లసోటా టీకా చుక్కలు వేయించండి. తర్వాతి డోసులు పశువుల ఆసుపత్రిలో అడగండి. ముంగిసలకి తలుపు, పాములకి సన్నటి వల, రెండూ కావాలి.


భీమవరం_బాబాయ్
మంగళవారం, ఉదయం 9:02

ఎందుకొచ్చిన తంటా అబ్బాయ్. ఆ తొంభై సెంట్లు రొయ్యల చెరువుకి లీజుకి ఇచ్చేస్తే, వచ్చే డబ్బుతో బియ్యం, పప్పులు, పాలు అన్నీ కొనుక్కుని కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. వరి తిని బతికిన రైతుని చూశాను గానీ వరి పండించి బతికిన రైతుని ఈమధ్య చూడలేదు.


పల్లం_రైతు
మంగళవారం, ఉదయం 9:20

బాబాయ్, మీ చెరువు నీరు మీ గట్టు దాటకపోతే మాకు అభ్యంతరం లేదు. దాటుతోంది. మా పక్క మూడు చేలు చౌడు తేలి దాళ్వా (సార్వా తర్వాత వేసే రెండో వరి) మానుకున్నాయి. అతను అడిగింది తిండి పండించుకోవడం గురించి.


భీమవరం_బాబాయ్
మంగళవారం, ఉదయం 9:31

రొయ్య లేకపోతే మీ ఊళ్ళో సగం మంది పిల్లల ఫీజులు ఎలా కట్టేవాళ్ళో అది కూడా రాయండి మరి.


నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 9:50

రొయ్య వర్సెస్ వరి గొడవకి ఇక్కడ ఇప్పటికే మూడు చర్చలు నడుస్తున్నాయి. అక్కడ కొట్టుకోండి.


బస్తా_లెక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:15

భూమి సరిపోతుందా అన్న ప్రశ్నకి లెక్క ఇస్తాను.

మనిషికి నెలకి పది కిలోల బియ్యం చొప్పున ఐదుగురికి ఏడాదికి 600 కిలోలు. మిల్లులో ధాన్యానికి 65 శాతం బియ్యం దిగుతాయనుకుంటే 920 కిలోల ధాన్యం కావాలి, అంటే 75 కిలోల బస్తాలు పన్నెండు పైచిలుకు. ఇడ్లీకి, దోసెకి, పండగలకి, చుట్టాలకి కలిపి పదహారు బస్తాలు వేసుకోండి. తడుపు, ముంపు అన్నీ పోగా సార్వాలో ఎకరానికి పాతిక బస్తాలే వచ్చినా తొంభై సెంట్లకి ఇరవై రెండు. అంటే ఒక్క సార్వాతో మీ ఇంటి బియ్యం అయిపోయింది, పైన ఆరు బస్తాలు మిగులు. చేనుని ముక్కలు చేయాల్సిన పనే లేదు. సార్వాలో మొత్తం వరే వేయండి.

అసలు సార్వాలో ఆ పల్లపు చేలో మధ్యలో ఇరవై సెంట్లు పప్పులు, పది సెంట్లు నువ్వులు ఎలా నిలుస్తాయనుకున్నారు? చుట్టూ మోకాలి లోతు నీళ్ళుంటే కంది వారం బతకదు. పప్పులు వరి తర్వాత. మినుము అయితే కోతకి ఒకటి రెండు రోజుల ముందు తడి ఉండగానే చేలో చల్లేస్తారు, వరి కోసేసరికి మొలక నేలలో పట్టుకుని ఉంటుంది. మంచుకే పండిపోతుంది, వేరే తడి అక్కర్లేదు. పల్లాకు తెగులు తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. మినుము వేయాలా, దాళ్వా ఊడ్చాలా అన్నది మీ ఒక్కరి చేతిలో లేదు. మీ చుట్టూ దాళ్వా ఊడ్చితే ఆ ఊటకి మధ్యలో మీ మినుము పచ్చబడి చచ్చిపోతుంది. చుట్టూ మినుము చల్లితే మీ ఒక్కరి దాళ్వాకి నీరు తెచ్చుకోలేరు. నదిలో ప్రవాహం తగ్గిన ఏడాది ఎగువన సీలేరు జలాశయాల నుంచి ఎన్ని నీళ్ళు వదులుతారన్న దాన్ని బట్టి దాళ్వా ఆయకట్టు తేలుతుంది, వంతులు పెడతారు. డిసెంబరులో ఆ బోదె కింద రైతులందరూ ఏం అనుకుంటే అదే మీ పంట.

ఇక నూనె. ఐదుగురికి నెలకి మూడు లీటర్లు, ఏడాదికి 36. గానుగలో నువ్వులకి నలభై శాతం దిగినా 90 కిలోల నువ్వులు కావాలి. పది సెంట్లలో కుదిరే పని కాదు. నూనె కొనండి. కొబ్బరికాయలు అమ్మిన డబ్బుతో కొంటే అది కూడా మీ తోట నూనే.


ఇంటావిడ
మంగళవారం, సాయంత్రం 4:30

నేను పై ప్రశ్న వేసినాయన భార్యనండి. ఆయన ఫోన్‌లో ఈ చర్చ పంపించారు, చదివి నేనే అకౌంట్ తెరిచాను.

ఆయన బొమ్మలో పశువు ఉంది, కోళ్ళు ఉన్నాయి, పందిరి ఉంది. మనుషులు లేరు. పేడ ఎత్తేది ఎవరు, పాలు పితికేది ఎవరు, నేపియర్ కోసేది ఎవరు అని అడిగితే "చూద్దాం" అంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ళు పనిచేయవు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన వరసగా రెండు నెలలు ఇంట్లో ఉన్నది లేదు. పొలం పని ఎప్పుడో పదో తరగతి సెలవుల్లో చేశారు.

వద్దనడం లేదండి. నాకూ ఇష్టమే. నేను చేయగలిగింది చెప్తాను: కోళ్ళు, కూరపాదులు, కందా చేమా పసుపు, ఇవి నావి. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. గేదె అంటే ఆయన పొద్దున్నే నాలుగున్నరకి లేచే మాట ఇస్తేనే. ఇంకోటి, మా ఇంట్లో నెలకి మూడు కిలోల కందిపప్పు అవుతుంది. గట్ల మీద కంది వేస్తే ఎంత వస్తుందో ఎవరైనా చెప్పండి.


లంకలో_ఉంటా
మంగళవారం, సాయంత్రం 5:05

చెల్లెమ్మా, మొత్తం చర్చలో మొదటి తెలివైన మాట నీదే.


మస్కట్_మాగాణి
మంగళవారం, రాత్రి 8:50

ఆయ్, నాలుగున్నరకి లేస్తాను. ఇక్కడ మూడింటికే లేస్తున్నాను, కావాలంటే లాగ్‌బుక్ ఫోటో పెడతాను 🙂

పల్లం_రైతు గారూ, మీరు అడిగినవన్నీ కౌలు చేస్తున్నాయనకి ఫోన్ చేసి కనుక్కున్నాను. చేను పల్లమే. నీరు పై రెండు చేల మీదుగా వస్తుంది. మురుగు వెనకున్న చిన్న డ్రెయిన్‌లోకి. అది గుర్రపుడెక్కతో పూడిపోయి, అక్టోబరు వానకి వారం పది రోజులు దిగదట. తూర్పు వైపు రెండు చేల అవతల రొయ్యల చెరువు తవ్వి నాలుగేళ్ళయింది. మార్చిలో ఆ వైపు గట్టు మీద తెల్లగా వస్తోందట. అమ్మకి ఇవేవీ తెలియవు, మక్తా (కౌలు) బస్తాలు సమయానికి ఇస్తున్నాడు కదా అని అడగలేదు.


పల్లం_రైతు
మంగళవారం, రాత్రి 10:15

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఆ తెలుపు సంగతి ముందు. ఫిబ్రవరి, మార్చిలో పొద్దున్నే వెళ్ళి తూర్పు గట్టు దగ్గర వంగి చూడండి. మంచు ఆరేకొద్దీ మట్టి బెడ్డల అంచుల మీద సున్నం చల్లినట్టు పొర కనబడుతుంది. వేలికి అద్దుకుని నాలుకకి అంటిస్తే తెలిసిపోతుంది. చేతితో గట్టు లోపలివైపు తడిమితే, పైన ఎండిపోయినా కింద జానెడు మేర జిగటగా ఉంటే అది ఊట, మీ చేను నీరు కాదు. ఎండ్రకాయ బొరియల్లో నీళ్ళుంటే ఒక చెంచా తీసి ఈసీ మీటర్‌తో (నీటిలో ఉప్పు ఎంతుందో చూపేది) కొలవండి. నీటి ఈసీ 2 దాటితే వరి మీద దెబ్బ మొదలవుతుంది, అందులో నారు దశలో వరి అసలు తట్టుకోదు. చేను మధ్యలో ఒక నమూనా, తూర్పు గట్టు దగ్గర ఒకటి, రెండూ విడివిడిగా మట్టి పరీక్షకి ఇవ్వండి. కలిపి ఇస్తే సగటు వస్తుంది, దానితో ఏ లాభమూ లేదు.

ఉప్పు ఉందని తేలితే, తూర్పు గట్టు లోపలివైపు రెండడుగుల లోతున ఊట బోదె తీసి డ్రెయిన్‌లోకి కలపాలి. జూన్‌లో కాలువ వదిలాక మొదటి నీరు పెట్టి, కలియదున్ని, ఆ నీరు బయటికి తీసేయాలి. రెండుసార్లు కడిగితే సార్వాకి నేల తేరుకుంటుంది. నారుమడి మాత్రం పడమటి వైపు వేసుకోండి.

ముంపుకి రకం. స్వర్ణ 150 రోజులు ఉంటుంది, నవంబరు తుపానుకి వెన్ను బరువెక్కి పడిపోతుంది. మన మార్టేరు వరి పరిశోధన స్థానం వాళ్ళవే ఇంద్ర, అమర ముంపుని కొంత ఓర్చుకుంటాయి. మొక్క మొత్తం మునిగే చోటైతే స్వర్ణ సబ్ 1 ఉంది, రెండు వారాల దాకా నీటి అడుగున ఉండి కూడా తిరిగి పిలకలు వేస్తుంది. జూన్ మొదట్లోనే నారు పోసుకుంటే తుపాను రోజులకి చాలావరకు గట్టెక్కుతారు.

ఇక పది సెంట్ల చెరువు చేనులో వద్దు. ఒకటి, ఉప్పు ఊట అందులోకే దిగుతుంది. రెండు, అర కిలోమీటరు దూరంలో చేపలుంటే రాత్రి కాపలా ఎవరు? తోటలో, ఇంటికి కనబడేచోట, ఐదు సెంట్లు చాలు. ఆ మట్టి ఎక్కడికీ పోనివ్వకండి. పాక, కోళ్ళ గూడు, పందిరి పాదులు అన్నీ ఆ మట్టి మీదే మెరక చేసుకోవాలి.


లంకలో_ఉంటా
బుధవారం, ఉదయం 6:40

చెరువు తవ్వే ముందు ఇంకో మాట. మీ మండలంలోనే నగరం అనే ఊళ్ళో 2014 జూన్ 27న గ్యాస్ పైప్‌లైన్ పేలింది, మర్చిపోయి ఉండరు. ఆ చుట్టుపక్కల తోటల కింద లైన్లు ఇంకా ఉన్నాయి. హద్దురాళ్ళు పడిపోయి, మట్టిలో కప్పడిపోయి ఉంటాయి. జేసీబీ పెట్టేముందు పంచాయతీలో, సచివాలయం సర్వేయర్ దగ్గర కనుక్కుని తీరాలి.

వరద విషయం. మీది ఏటిగట్టు లోపలా బయటా అన్నది రాయలేదు, బయటే అనుకుంటున్నాను. మేం లోపల. మాకు ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇవ్వగానే పశువుల్ని గట్టుకి తోలేస్తాం. మూడోది 17.75. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు, 1986 ఆగస్టులో అంతకన్నా ఎక్కువ. మీ ఇంట్లోనో పక్కింట్లోనో 86 నీళ్ళ గుర్తు ఏ గోడ మీదో ఉంటుంది, మీ అమ్మగారిని అడగండి. గాదె అయినా, బస్తాల బల్ల అయినా ఆ గుర్తుకి పైన ఉండాలి. గట్టు బయట వాళ్ళకి గోదావరి రాకపోయినా, అప్పుడు డ్రెయిన్లు ఏటిలోకి దిగక వెనక్కి తంతాయి.


కొబ్బరి_కబుర్లు
బుధవారం, ఉదయం 11:30

అందరూ చేను మీదే పడ్డారు. ఈయన ఇంటిని నిలబెట్టేది ఆ డెబ్భై సెంట్లే.

ఎన్ని చెట్లున్నాయో రాయలేదు. ఎకరానికి అరవై చొప్పున, ఇల్లు పోగా ముప్పై ఐదు ఉన్నాయనుకుందాం. చెట్టుకి 80 కాయలు దిగితే ఏడాదికి 2,800. ఇంట్లో వాడకం నాలుగైదు వందలు మించదు. మిగతా అంతా నోటు. పిల్లల ఫీజులు, కరెంటు, మందులు, మీ నూనె, మీ కందిపప్పు అన్నీ దీనిలోంచే రావాలి. నలభై ఐదు నుంచి అరవై రోజులకి ఒక దింపు. దింపు మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఈ రోజుల్లో చెట్టు ఎక్కేవాళ్ళు దొరకడం పెళ్ళి ముహూర్తం దొరకడం కన్నా కష్టంగా ఉంది. వలుపు తీయించి అమ్మితే రేటు వేరు, పచ్చికాయ తోట మీద అమ్మితే వేరు. ధర లేనప్పుడు కొన్ని కాయలు అటక మీద వేస్తే కురిడీ (లోపలే ఎండిన కొబ్బరి) అవుతాయి. వంటింటి పొగ తగిలే అటక ఉన్న పెంకుటిల్లు కాబట్టి మీకు ఆ సౌకర్యం ఉంది, స్లాబు ఇళ్ళ వాళ్ళకి లేదు.

ఆకుల కింద తెల్లటి చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి ఉన్నాయా? అది సర్పిలాకార తెల్లదోమ. కంగారుపడి మందు కొట్టించకండి, దాన్ని తినే పురుగులు కూడా చస్తాయి. అంబాజీపేట పరిశోధన స్థానానికి వెళ్ళి తెల్లదోమని చంపే ఇసారియా శిలీంధ్రం గురించి అడగండి. మొవ్వులో కొమ్ము పురుగు తొలిచిన రంధ్రాలున్నాయేమో కూడా చూడాలి. అది పెరిగేది పేడకుప్పలోనే. గేదె వస్తోంది కాబట్టి కుప్పని ఏడాది పాటు కదపకుండా ఉంచకండి.

1996 నవంబరు 6 తుపానుకి మా తోటలో నిలబడ్డవి లెక్కపెట్టుకునేన్ని చెట్లే. మీ తోట ఆ తర్వాత వేసినదైతే పాతికేళ్ళు దాటి ఉంటుంది, అంటే నేల మీదికి వెలుతురు బాగానే దిగుతుంది. అంతర పంటకి అదే సరైన వయసు. కంద, పసుపు, చేమ నీడకి ఓర్చుకుంటాయి. అరటి వేస్తే ఇంటికి బొంత (కూర అరటి), పిల్లలకి కర్పూర చక్కెరకేళి. బీర, ఆనప, పొట్ల మాత్రం చెట్ల కింద కాయవు, ఎండ పడేచోట పందిరి వేయండి. వానాకాలం పందిరి కూరలే నమ్మకం. టమాటా, మిర్చి, వంగ నారు దసరా వానలు తగ్గాక.


ఇంటావిడ
బుధవారం, మధ్యాహ్నం 12:10

మసి ఉందండి, నాలుగైదు చెట్లకి. అటక మీద ఇప్పుడు పాత మంచం, ఆయన చిన్నప్పటి సైకిల్ ఉన్నాయి. తీయిస్తాను.

కంది సంగతి ఎవరూ చెప్పలేదు.


బస్తా_లెక్క
బుధవారం, మధ్యాహ్నం 2:00

చెప్తానమ్మా. తొంభై సెంట్ల చేనుకి చుట్టూ గట్టు 240 మీటర్ల దాకా వస్తుంది. మామూలు సన్నగట్టు మీద వేస్తే వేరుకి నీరు తగిలి పోతుంది. గట్టు రెండడుగుల వెడల్పు, చేను నీటికి అడుగున్నర ఎత్తు ఉంటేనే నిలుస్తుంది. ఉప్పు ఉన్న తూర్పు గట్టు వదిలేయండి. మిగతా మూడు వైపులా నిలబడితే మీకు నాలుగైదు నెలల పప్పు రావచ్చు. మిగతాది కొనుక్కోవడమే. గట్టు మీద కంది అంటే ఎలుకలకి కూడా ఇష్టం, ఊళ్ళో ఎలుక బుట్టలు పెట్టేవాళ్ళని సార్వా పొట్ట దశకి ముందే పిలిపించండి.


కౌలు_కాగితం
బుధవారం, సాయంత్రం 6:20

ఒక్క మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు చేను చేస్తున్న కౌలుదారు.

ఫోన్ చేయగానే తెలుపు ఎక్కడ వస్తుందో, నీరు ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పాడంటే ఆ చేను గురించి మీకన్నా, మీ అమ్మగారికన్నా అతనికి తెలుసు. మార్చిలో దిగి "రేపటి నుంచి మేమే చేసుకుంటాం" అంటే అతనికి ఒక పంట పోతుంది, మీకు గురువు పోతాడు. మొదటి సార్వా సగపాలుకి చేయండి. పెట్టుబడి సగం, పంట సగం, మీరు పక్కనే ఉండి పని నేర్చుకోండి. పై లెక్క ప్రకారం మీ వాటాకి పదకొండు బస్తాలు. మీ తిండికి ఒక నాలుగు నెలలది తగ్గుతుంది, ఆ మాత్రం కొనుక్కోవచ్చు.

అతనికి సాగుదారు హక్కు పత్రం ఉందా అని కూడా అడగండి. 2019 చట్టం కింద పదకొండు నెలలకి రాసుకునేది, మీ యాజమాన్యానికి దానితో ఏ ఇబ్బందీ లేదు. పంట పోతే పరిహారం చేసినవాడికి రావాలంటే అది ఉండాలి. చాలామంది భూమి గల వాళ్ళు భయపడి సంతకం పెట్టరు.

మీ వైపు కాగితాలు: పాస్‌పుస్తకంలో, 1బి లో, అడంగల్‌లో విస్తీర్ణం ఒకేలా ఉందా చూసుకోండి. నాన్నగారి పేరు మీదే ఉండిపోతే మ్యుటేషన్ చేయించుకున్నాకే చెరువు తవ్వడం, గట్లు వేయడం లాంటివి. అన్నదమ్ములతో హద్దు తేలకుండా వేసిన గట్టు తర్వాత కోర్టు దాకా వెళ్తుంది.


సహజసేద్యం
బుధవారం, రాత్రి 7:05

సగపాలు అంటే అతను యూరియా చల్లుతాడు కదా. మరి రసాయనాలు వద్దనుకున్న మాట?


కౌలు_కాగితం
బుధవారం, రాత్రి 7:30

అతని సగం మీద అతని పొట్ట ఆధారపడి ఉంది. మీరు దిగుబడి తగ్గితే నష్టం నాది అని రాసిస్తే మానేస్తాడు. లేదా తోటంతా మీ పద్ధతిలో చేసుకోండి, చేను రెండో ఏడాది చూద్దురు. జీలుగకి అతను కూడా ఒప్పుకుంటాడు, అక్కడ మొదలెట్టండి.


మస్కట్_మాగాణి
బుధవారం, రాత్రి 10:30

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండి. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాం. సార్వా ఆయనతో సగపాలుకే, మాట్లాడాను, "మంచిది బాబూ" అన్నారు. వెళ్ళగానే తూర్పు గట్టు దగ్గర మట్టి, నీరు పరీక్ష. తోటలో ఐదు సెంట్ల చెరువు, అదీ సర్వేయర్‌ని పిలిచాకే. పది సెంట్లు నేపియర్ మా బావమరిది జనవరిలో నాటిస్తానన్నాడు, గేదె దసరాకి. తేనెపెట్టెలు తీసేశాను, మా ఆవిడ అటక వైపు చూపించి "ముందు అది ఖాళీ చెయ్" అంటోంది. కొబ్బరి డబ్బు ఇంటి ఖర్చుకి, ఇక్కడి నుంచి తెచ్చేది ఏడాది పాటు ముట్టకుండా బ్యాంకులో. చాలకపోతే ఊళ్ళో ఆటో అయినా నడుపుతాను, డ్రైవింగ్ ఎక్కడికీ పోదు.

ఒక్క సందేహం. చెరువుకి నీరు? ఏప్రిల్ చివర్లో కాలువలు కట్టేస్తే జూన్ దాకా చేపలు ఎలా బతుకుతాయి? బోరు వేయించాలా?


లంకలో_ఉంటా
గురువారం, ఉదయం 6:15

బోరు లోతుగా వేయించకండి. సముద్రం వైపు ఊళ్ళలో పైన తియ్యటి నీరు, కిందికి పోయేకొద్దీ ఉప్పు. పక్కవాళ్ళ ఫిల్టర్ పాయింట్ (తక్కువ లోతు బోరు) ఎన్ని అడుగులుందో అడిగి అంతకు మించకుండా దించండి. ఎక్కువసేపు తోడినా కింద ఉప్పు పైకొస్తుంది, రోజుకి కొంచెం కొంచెం పెట్టుకోవాలి. వేసవికి చేపల్ని చాలావరకు పట్టేసి తినేయండి. బొచ్చె, శీలావతి పిల్లల్ని ఆగస్టులో వేస్తే ఏప్రిల్‌కి కూరకి వస్తాయి. మిగిలిన నాలుగు కొర్రమీనులు కాసిని నీళ్ళలో కూడా బతుకుతాయి.


పల్లం_రైతు
గురువారం, ఉదయం 8:00

ఈసీ మీటర్ కొనకండి, నా దగ్గర ఉంది. మార్చిలో దిగాక ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి, మీ ఊరు మాకు బండి మీద ముప్పావు గంట. తెచ్చి నేనే కొలుస్తాను.

ఆ డ్రెయిన్‌లో గుర్రపుడెక్క మాత్రం మీరొక్కరు తీయలేరు. దాని కింద ఉన్న రైతులందరూ కలిసి ఎకరాకి ఇంతని వేసుకుని మిషన్ పెట్టించాలి, లేదా నీటి సంఘం ద్వారా అర్జీ. మా దగ్గర రెండూ చేశాం. అదే పెద్ద కథ.


నిర్వాహకుడు
గురువారం, ఉదయం 9:10

డ్రెయిన్ పూడిక గురించి విడిగా చర్చ తెరిచాను, పల్లం_రైతు గారు అక్కడ రాయగలరు. కౌలు పత్రాల ప్రశ్నలు కూడా వేరే విభాగంలో ఉన్నాయి. ఈ చర్చని మార్చి దాకా తెరిచే ఉంచుతున్నాను, మట్టి పరీక్ష ఫలితాలు ఇక్కడే పెట్టండి.


ఇంటావిడ
గురువారం, ఉదయం 9:25

అలాగేనండి. కర్పూర చక్కెరకేళి పిలకలు రావులపాలెం వైపు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, పది చాలు.